ఎడమ బొటనవేలికో గేమ్‌ప్యాడ్

రైల్వేలో ముప్పై రెండేళ్ళు పనిచేసి, నెమిలిలో అరుగు మీద కూర్చుని పేపరు చదువుకోవలసిన మనిషికి వీడియో గేముల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా ఇంటావిడ కూడా అదే అడిగింది. ఆవిడకు చెప్పిన జవాబే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. కంప్యూటర్ మీద ఆడుకునే పిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. వాళ్ళకి గేమ్‌ప్యాడ్ కొనేటప్పుడు నాలాగా డబ్బూ, వారం రోజుల నిద్రా పోగొట్టుకోకుండా ఉంటే అదే చాలు.

నెమిలి ఎక్కడ అంటారా? అరక్కోణానికి దగ్గర, కొసస్థలి నది ఒడ్డున ఉంది. 2019 దాకా వేలూరు జిల్లాలో ఉండేది, ఆ తర్వాత రాణిపేట జిల్లాలో చేరింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పిల్లల బడిలో ఇంగ్లీషు. మా అక్కను గుడియాత్తం ఇచ్చారు. రెండు ఊళ్ళవాళ్ళకీ ఒకటే రైలు దారి కాబట్టి రాకపోకలకు లోటు లేదు. ఈ కథ మా అక్క మనవడిది.

వాడికి పన్నెండేళ్ళు. ఎడంచేతి వాటం. వీధి క్రికెట్లో ఎడంచేత్తో స్పిన్ వేసేవాడు. ఒకరోజు బంతి కోసం పరుగెత్తి పడితే నేల మీదున్న గాజుపెంకు ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. వేలిని మడిచే స్నాయువూ, పక్కనున్న స్పర్శ నరమూ రెండూ తెగాయి. వేలూరులో ఆపరేషన్ చేసి కలిపారు. గాయం మానింది. కానీ వేలు పూర్తిగా మడవదు, కొసన స్పర్శ సగమే. చేయించవలసిన వ్యాయామాలు ఇంట్లో రెండు వారాలు చేయించి, ఏడుస్తున్నాడని మానేశారు. అక్కడే తప్పు జరిగింది. అయిదు నెలలు గడిచేసరికి ఆ చెయ్యి జేబులోంచి బయటికి రావడం మానేసింది. రాత కుడిచేతికి మార్చుకున్నాడు. మా బంధువులింట్లో పెళ్ళి ఫోటోలు చూస్తే వీడి ఎడంచెయ్యి ఒక్క ఫోటోలోనూ లేదు. ఎవరో ఒకరి వెనకో, కుర్చీ వెనకో ఉంది.

మైదానం మానేసి కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టాడు. క్రికెట్ 07 అని 2006లో వచ్చిన ఆట ఉంది, ఇప్పటికీ మన దేశంలో దాన్ని ఆడేవాళ్ళున్నారు. వీడు చేసిన పని ఏమిటంటే, ఆటకు కావలసిన మీటలన్నీ కీబోర్డులో కుడివైపుకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి ఒక్కటే ఆడుతుంది, ఎడమది బల్ల కింద. తెలివైన పనే. వాడి తెలివే వాడికి అడ్డం పడింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి అది విని, "ఆట మానిపించకండి. రెండు చేతులూ పెడితే తప్ప కుదరని వస్తువు ఏదైనా ఉంటే అది కొనివ్వండి" అందట.

అక్క నాకు ఫోను చేసింది. "ఒరే, మన ఇళ్ళల్లో మొదట కంప్యూటర్ కొన్నవాడివి నువ్వే కదా, ఆ సామానేదో నువ్వే చూడు" అంది.

నిజమే, కొన్నాను. 1997లో మా అబ్బాయికి మద్రాసులో (అప్పటికి చెన్నై అని పేరు మారి ఏడాదైంది, మా నోటికి మాత్రం మద్రాసే) రిచీ స్ట్రీట్లో ఒక జాయ్‌స్టిక్ కూడా కొన్నాను. విమానం నడిపే కర్రలా నిలువుగా ఉండేది. సౌండ్ కార్డు వెనక పదిహేను సూదుల సాకెట్ ఒకటి ఉండేది, దానికి తగిలించాలి. తగిలించగానే పనిచేసేది కాదు. మొదట కర్రను నాలుగు మూలలకీ తిప్పి చూపించమని కంప్యూటర్ అడిగేది. ఎందుకంటే లోపల ఉన్నది పాత రేడియోల్లో వాల్యూమ్ తిప్పే సామానులాంటిదే, ఒక కార్బన్ పట్టీ, దాని మీద జారే లోహపు ముక్క. కర్ర ఎంత వంగితే అడ్డు అంత మారుతుంది. ఒక్కో జాయ్‌స్టిక్‌లో ఆ కొలత ఒక్కో రకం. కాబట్టి "ఇదే నా ఎడమ కొస, ఇదే నా కుడి కొస" అని ముందుగా పరిచయం చేయాలి. ఈ నాలుగు మూలల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ కర్రల కాలం పోయింది. ఇప్పుడు చేతుల్లో పట్టుకునే ప్యాడ్లే. దీని కథ జపాన్లో మొదలైంది. 1982లో నింటెండోలో గున్‌పెయి యొకోయి అనే ఆయన చేతిలో ఇమిడే చిన్న ఆటబొమ్మకి ప్లస్ గుర్తులాంటి మీట పెట్టాడు. మరుసటి ఏడు వచ్చిన ఫామికామ్‌లో అది ఎడమవైపున కూర్చుంది. 90లలో మన ఊళ్ళలో టీవీకి తగిలించి ఆడిన చవక వీడియో గేములు దాని నకళ్ళే. అప్పటి నుంచి దిక్కు చూపే పని ఎడమ బొటనవేలిది, కొట్టడం, దూకడం కుడి బొటనవేలివి. 1997లో సోనీ వాళ్ళ డ్యువల్‌షాక్ వచ్చాక రెండు బొటనవేళ్ళకీ చెరొక పొట్టి స్టిక్ వచ్చింది, కానీ నడిపించే పని మాత్రం ఎడమదానికే ఉండిపోయింది. మా వాడికి దెబ్బ తగిలిందీ సరిగ్గా ఆ వేలికే.

ఇదేమీ ఆలోచించకుండా నేను ఇంట్లో కూర్చుని, బొమ్మ చూసి, ధర చూసి, ఒక ప్యాడ్ తెప్పించి గుడియాత్తం పంపాను. రెండు రోజులకి వాడే ఫోను చేశాడు. "ఒద్దు తాతా, ఇది నా కార్ల గేమ్‌కి పనిచేయడంలేదు."

ఆ మాట నమ్మి వాళ్ళింటికి వెళ్ళి రెండు రోజులు దాంతో కుస్తీ పట్టాను. క్రికెట్ 07లో పనిచేస్తుంది, కొత్త కార్ల ఆటలో కదలదు. కారణం తెలిసింది. విండోస్‌కి ప్యాడ్లతో మాట్లాడే భాషలు రెండున్నాయి. పాతదాని పేరు డైరెక్ట్ ఇన్‌పుట్, 90ల నాటిది. రెండోది ఎక్స్ ఇన్‌పుట్, 2005లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ 360 ప్యాడ్‌తో వచ్చింది. కొత్త ఆటలు చాలావరకు రెండోదాన్నే అడుగుతాయి. కొన్ని ప్యాడ్లకి పాత భాష ఒక్కటే వచ్చు. కొన్నింటికి రెండూ వచ్చు, వెనకాల చిన్న స్విచ్చో, నడిమి బటన్ కాసేపు నొక్కిపట్టడమో ఉంటుంది. కొనేముందు అట్ట మీద ఎక్స్ ఇన్‌పుట్ అని ఉందో లేదో చూడండి. నేను చూడలేదు.

మధ్యలో ఏదో వెతుకుతూ జాయ్.సీపీఎల్ అనే కిటికీ తెరిచాను. విండోస్‌లో రన్ అని ఉండేచోట ఆ మాట ఇంగ్లీషులో కొడితే వస్తుంది. అందులో ఒక చదరం, దాని మధ్య చిన్న ప్లస్ గుర్తు. స్టిక్ ఎటు తోస్తే గుర్తు అటు పోతుంది. నేను తోస్తే నాలుగు గోడలకీ తగిలింది. "నువ్వొకసారి తొయ్యరా" అన్నాను. వాడు చాలాసేపు నిలబడి, చివరికి జేబులోంచి చెయ్యి తీశాడు. గుర్తు పైకి వెళ్ళింది, పక్కలకి కొంచెం తక్కువగా వెళ్ళింది. కిందికి మాత్రం సగంలో ఆగిపోయింది. కిందికి లాగాలంటే వేలి కొస మడవాలి. వాడు నా మొహం చూడలేదు, ఆ గుర్తునే చూస్తున్నాడు.

కార్ల గేమ్ ఒక సాకని అప్పుడు అర్థమైంది. రెండు రోజులు నేను కంప్యూటర్‌ని బాగుచేస్తూ కూర్చున్నాను.

అమెరికాలో ఉన్న మా అబ్బాయికి చెబితే వాడు వెంటనే, "నాన్నా, ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ అని ఉంది, పంపిస్తాను" అన్నాడు. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన వస్తువు అది. రెండు పెద్ద గుండ్రటి పలకల్లాంటి బటన్లు, వెనకాల పందొమ్మిది సాకెట్లు. వాటికి కాలితో నొక్కే స్విచ్చు, గడ్డంతో తోసే మీట, ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. దాని అట్టపెట్టె కూడా వేళ్ళలో పట్టు లేనివాళ్ళు లాగి తెరుచుకునేటట్టు ఉచ్చులు పెట్టి చేశారు. అప్పటి ధర వంద డాలర్లకి ఒక సెంటు తక్కువ, స్విచ్చులు వేరే. చేతులు రెండూ లేనివాళ్ళు, నడుము కింద చలనం లేనివాళ్ళు దాంతో ఆడుతున్నారు. చేసినవాళ్ళకి దణ్ణం పెట్టాలి.

నేను దాదాపు సరే అనేశాను. అక్కే, "ఆ అమ్మాయిని ఒక మాట అడగరా" అంది. ముగ్గురం వేలూరు వెళ్ళాం.

వేలూరంటే మన తెలుగువాళ్ళకి మొదట ఆసుపత్రే గుర్తొస్తుంది. చిత్తూరు, నెల్లూరుల నుంచి మూటాముల్లె కట్టుకుని వచ్చే కుటుంబాలు మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ చేతుల విషయంలో ఈ ఊరికి ప్రత్యేకమైన కథ ఉంది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో కొల్లి కొండల్లో పుట్టిన ఆంగ్లేయుడు, 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. కుష్ఠు వల్ల వేళ్ళు వంకరపోయినవాళ్ళకి, బాగా ఉన్న కండరపు స్నాయువును మళ్ళించి కట్టి, వేళ్ళు మళ్ళీ తెరుచుకునేటట్టు ఆపరేషన్లు చేశాడు. 1940ల చివర్లో ఈ పని ఎవరూ చేయడం లేదు. ఆయన శిష్యురాలు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే ఇలాంటి చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం తెరిచింది.

నాకు ఇందులో బాగా నచ్చింది ఆపరేషన్ తర్వాతి భాగం. బాగుపడిన చేతులతో ఊళ్ళకి వెళితే పనిచ్చేవాడు లేడు. అందుకని బ్రాండ్ అక్కడే ఒక వడ్రంగి శాల పెట్టించాడు. అందులో పనిచేసేవాళ్ళకి చేతుల్లో స్పర్శ లేదు కాబట్టి సుత్తినో రంపాన్నో ఎంత గట్టిగా పట్టుకుంటున్నారో వాళ్ళకే తెలియదు. తోలు ఊడినా తెలియదు. కాబట్టి రోజూ చేతులు పరీక్షగా చూసేవారు, ఎక్కడ ఎర్రబడిందో అక్కడ పనిముట్టు పిడి మార్చాలి, పట్టు మార్చాలి. నొప్పి అనేది శత్రువు కాదని ఆయన తర్వాత, 1993లో, ఒక పుస్తకమే రాశాడు.

థెరపీ అమ్మాయి నేను చెప్పిన అడాప్టివ్ కంట్రోలర్ సంగతి ఓపికగా విన్నది. "అది చాలా మంచిది సార్. కానీ అది ఆ వేలుతో పనిలేకుండా ఆడుకోవడానికి. వీడి వేలు ఇంకా రావాల్సి ఉంది, వస్తుంది కూడా. అది వేలుకి సెలవిచ్చేస్తుంది" అన్నది. తర్వాత నాకు చెప్పినవి కాగితం మీద రాసుకున్నాను. స్టిక్ గట్టిగా ఉండకూడదు. పిడి లావుగా ఉండాలి, మిగిలిన వేళ్ళు గట్టిగా బిగించే పని లేకుండా. ప్యాడ్ బరువు తక్కువగా ఉండాలి. వైబ్రేషన్ ఆపేయాలి. ఒక్కసారికి అరగంట, లేచాక వేలు చూడాలి, ఎరుపు కాసేపటికి పోకపోతే మర్నాడు ఆట లేదు. ఇది మా వాడి చేతికి చెప్పిన లెక్క, మీ పిల్లల చేతికి వాళ్ళ డాక్టరునే అడగండి.

ఆ శనివారం వాడూ వాళ్ళ నాన్నా గుడియాత్తంలో రైలెక్కారు, నేను అరక్కోణంలో కలిశాను. సెంట్రల్‌లో దిగి ఆటోలో రిచీ స్ట్రీట్. పాతికేళ్ళలో కొట్లు మారాయి, ఇరుకు మారలేదు. మూడు కొట్లవాళ్ళు అట్టపెట్టె విప్పం అన్నారు. నాలుగో కొట్టు కుర్రవాడికి తమిళంలో సంగతి చెబితే, లాప్‌టాప్ తెరిచి, ఉన్నవన్నీ ఒక్కొక్కటే తగిలించాడు. చదరంలో ప్లస్ గుర్తు పరీక్ష మళ్ళీ మొదలు.

ప్యాడ్లలో రెండు అమరికలున్నాయి. సోనీ తరహాలో రెండు స్టిక్కులూ కింద, లోపలి వైపుకి ఉంటాయి. ఎక్స్‌బాక్స్ తరహాలో ఎడమ స్టిక్ పైకి ఉంటుంది, ప్లస్ మీట కిందికి పోతుంది. ఏది గొప్పదని పిల్లలు కొట్టుకుంటారు, మనకక్కర్లేదు. మొదటి తరహాలో మా వాడి వేలు లోపలికి సాగి, అక్కడి నుంచి మళ్ళీ మడవాలి. రెండోదానిలో వేలు ఊరికే చాచి పెడితే స్టిక్ దానికిందే ఉంది. మొదటిదానిలో సగంలో ఆగిన గుర్తు రెండోదానిలో ముప్పాతిక దాకా దిగింది. నేను పంపిన ప్యాడ్ మొదటి తరహాది, అది వేరే చెప్పాలా!

స్టిక్ లోపలి సామాను గురించి కూడా ఒక మాట. మామూలు ప్యాడ్లలో ఇప్పటికీ ఆ కార్బన్ పట్టీయే. అరిగాక, దుమ్ము పట్టాక, చెయ్యి పెట్టకుండానే మనిషి ఒక పక్కకి నడిచిపోతాడు. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరలాడేది చూడండి, అదే జబ్బు. హాల్ ఎఫెక్ట్ అని రాసి ఉన్నవాటిలో అయస్కాంతం, దాని బలాన్ని కొలిచే చిన్న చిప్పు ఉంటాయి. ఒకదానికొకటి తగలవు కాబట్టి అక్కడ అరగడానికేమీ లేదు. ఎలక్ట్రిక్ స్కూటర్ల యాక్సిలరేటర్లలో చాలావాటికి ఇదే పద్ధతి. కొత్తదేమీ కాదు, సెగా వాళ్ళు 90లలోనే తమ ప్యాడ్లలో పెట్టారు. రోజూ ఒకే వేలు ఒకే దిక్కుకి లాగబోతుంది కనుక మేము ఇదే కావాలన్నాం.

తీగ ఉన్నదా, లేనిదా? బ్లూటూత్ అయితే బొమ్మకీ వేలికీ మధ్య కొంచెం ఆలస్యం రావచ్చు, పాత డెస్క్‌టాప్‌లలో బ్లూటూతే ఉండదు. విడిగా చిన్న రిసీవర్‌తో వచ్చేవి నయం. మేము తీగ ఉన్నదే తీసుకున్నాం. లోపల బ్యాటరీ లేదు కనుక తేలిక, చార్జింగ్ గొడవ లేదు. రెండు వేల లోపే అయింది. కంపెనీ పేరు అడక్కండి, ఇది ప్రకటన కాదు. రెడ్‌గేర్, కాస్మిక్ బైట్ లాంటి మన దేశపు పేర్లే ఇప్పుడు చాలా ఉన్నాయి. ఒకప్పుడు మనం ఫ్లాపీలు కొన్న ఆంకెట్ వాళ్ళు కూడా ఎవోఫాక్స్ పేరుతో ప్యాడ్లు అమ్ముతున్నారంటే నాకు పాత మిత్రుణ్ణి చూసినట్టయింది.

ఇంటికి తెచ్చాక పిడి ఇంకా సన్నంగానే ఉందనిపించింది. వాళ్ళ నాన్న స్పాంజి ముక్క కోసం వెతుకుతుంటే, వాడే లోపలికి వెళ్ళి తన బ్యాటుకని కొని పక్కన పెట్టిన కొత్త రబ్బరు గ్రిప్పు తెచ్చాడు. నిలువునా కోసి ఎడమ పిడికి చుట్టి, టేపు వేశాం.

ఇక నాలుగు మూలల సంగతి. ఆనాటి జాయ్‌స్టిక్ లాగే ఈనాటి ప్యాడ్‌కీ కొసలు మనం చెప్పవచ్చు. స్టీమ్ ద్వారా ఆడే ఆటల్లో, స్టిక్ ఎంతవరకు తోస్తే పూర్తిగా తోసినట్టు లెక్కో మార్చే సౌకర్యం ఉంది. అంటే వాడి వేలు ముప్పాతికే దిగినా ఆటలో పూర్తిగా దిగినట్టే. నాకు ఇది చాలా గొప్ప సంగతిగా తోచి వెంటనే పెట్టేశాను. వాడు గెలవడం మొదలుపెట్టాడు. మూడు రోజులు గెలిచాడు. థెరపీ అమ్మాయికి ఫోనులో చెబితే నవ్వి, "మొదట అలాగే ఉంచండి సార్, గెలిస్తేనే రోజూ కూర్చుంటాడు. వారానికి కొంచెం కొంచెంగా ఆ సాయం తగ్గించండి. వాడికి చెప్పే తగ్గించండి" అంది. చెప్పకుండా తగ్గిద్దామనే నా ఉద్దేశం. చెప్పాను. వాడు మూతి ముడిచాడు, కానీ ఆ అంకె మార్చే పని తనే తీసుకున్నాడు. ప్రతి ఆదివారం చదరం తెరిచి గుర్తు ఎక్కడ దాకా దిగిందో తెర మీద స్కెచ్ పెన్నుతో చిన్న గీత పెట్టాడు. మా అక్క ఆ గీతలు మరకలనుకుని ఒకసారి తడిగుడ్డతో తుడిచేసింది. ఇంట్లో పెద్ద గొడవ.

రెండుసార్లు వేలు ఎర్రబడి ఆట ఆగింది. ఒక నెల గీత అసలు కదలలేదు. స్పర్శ నరం నిదానంగా వస్తుందట, కొస ఇంకా మొద్దుగానే ఉంది. బంతి ఇంకా పట్టుకోలేదు. రాత మాత్రం ఎడంచేతికి తిప్పుకుంటున్నాడు, హోంవర్కు కుడిచేత్తో, బొమ్మలు ఎడంచేత్తో.

పోయిన వారం నేను మద్రాసు వెళ్ళే పని పడి, ఏమైనా కావాలా అని అడిగాను. స్టిక్ మీద రబ్బరు టోపీ అరిగిపోయింది, కొత్తది తెమ్మన్నాడు. జతగా అమ్ముతారు, రెండూ మార్చుకో అన్నాను.

"కుడిది బాగానే ఉంది తాతా," అన్నాడు, "ఎడమదే అరిగింది."